పుట్ అప్ విత్ మామగారు

అగ్రహారం, రాజోలు తాలూకా
1981 మార్చి 8, ఆదివారం

ఒరేయ్ కృపారావూ,

నీ కార్డు అందింది. అందడం అంటే, మా పోస్ట్‌మాన్ బుల్లిరాజు వీధి గుమ్మంలో నిలబడి గట్టిగా చదివి మరీ అందించేడు. "ఇల్లరికపు అల్లుడా, బతికున్నావా?" అని కార్డు మీద రాస్తావా, నీ దుంపతెగ! కవరు కొనుక్కోడానికి చేతులు రాలేదా? మా అత్తగారు మీనాక్షమ్మగారు వంటింట్లోంచి విని, "ఎవరమ్మా అదీ, ఆ మండపేట స్నేహితుడేనా?" అని మా ఆవిణ్ని అడిగేరు. మామగారు శరభయ్యగారు మాత్రం ఏమీ అనలేదు. పంచాంగంలో పేజీ తిప్పుకున్నారు. ఆయన ఏమీ అనకపోతేనే నాకు భయం.

బతికే ఉన్నాన్రా. నీకు తెలియందేముంది, ఈ ఊళ్లో వారాలు చేసుకుని చదువుకున్నవాణ్ని. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో, గురువారం శరభయ్యగారింట్లో. బీఏ, బీఈడీ అయ్యి రాజోలు హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారుగా చేరగానే ఆయనే పిలిచి, ఒక్కగానొక్క కూతురు విశాలాక్షినిచ్చి పెళ్లి చేసి, "ఇక్కడే ఉండిపో నాయనా" అన్నారు. ఆయ్, అన్నాను. ఆరేళ్లయింది. వారంలో ఏడు రోజులూ గురువారమే అయిపోయేయి.

ఆయన నన్నేమన్నా కోప్పడతారా అంటే, ఒక్కనాడూ కోప్పడలేదు. కోప్పడితే బావుణ్ను, తిరిగి నేనూ ఓ మాట అందును. క్షవరం ఎప్పుడు చేయించుకోవాలో ఆయన చెప్తారు. చెప్పులు ఏ వైపు విడవాలో ఆయన చెప్తారు. వర్జ్యం ఉంటే వెళ్లేదాకా గుమ్మం దాటనివ్వరు, స్కూల్లో ఫస్టు బెల్లు కొట్టినా సరే. మా హెడ్మాస్టరు ఉమామహేశ్వరరావుగారు నేను ఆలస్యంగా వెళ్తే కారణం అడగడం మానేసి, "ఏం మాస్టారూ, ఇవాళ వర్జ్యం ఎన్నింటికి వదిలిందీ?" అంటారు. స్టాఫ్ రూమంతా నవ్వు. ఇంటికొస్తే అదే మామగారు, ఎండన పడి వచ్చేనని మజ్జిగ గ్లాసు స్వయంగా తెచ్చి చేతికిస్తారు. అలాంటి మనిషిని పట్టుకుని, అయ్యా, మీ ఇంట్లో నాకు ఊపిరాడ్డం లేదు అని ఏ నోటితో చెప్పనురా?

అసలు రాద్దామనుకున్నది ఇంకోటి. సాయంత్రాలు మా అరుగు మీద టెన్త్ పిల్లలకి ట్యూషన్ చెప్తుంటాను కదా. మొన్న ఫ్రేజల్ వెర్బులు వల్లె వేయిస్తున్నాను. పుట్ ఆఫ్ అంటే వాయిదా వెయ్యడం, పుట్ అవుట్ అంటే దీపం ఆర్పడం, పుట్ ఆన్ అంటే తొడుక్కోవడం. లోపల్నించి మామగారు ఉత్తరీయం సర్దుకుంటూ వచ్చి నిలబడ్డారు. "ఏమిటోయ్ ఈ పుట్టు పుట్టు? ఒకే పుట్టు అన్ని రకాలుగా ఎలా పుడుతోంది?" అన్నారు. పిల్లలు కిసుక్కుమన్నారు. నేను విడమరిచి చెప్పేను. ఆయన వ్యాకరణం పుక్కిట పట్టిన పండితుడు కదూ, మొహం వెలిగిపోయింది. "ఓస్, ఇవి మన ఉపసర్గలేనోయ్! ధాతువు ఒక్కటే. 'ఆ' తగిలితే ఆహారం, 'వి' తగిలితే విహారం, 'సం' తగిలితే సంహారం. మనవి ముందు తగుల్తాయి, వాళ్లవి వెనక తగుల్తున్నాయి, అంతేగా!" అన్నారు. నిజం చెప్పాలంటే, ట్రైనింగ్ కాలేజీలో మనకెవడూ ఇంత శుభ్రంగా చెప్పలేదు.

అప్పట్నించీ రోజుకో మాట నేర్పమని కూర్చుంటున్నారు. నిన్న 'పుట్ అప్' అంటే ఒక చోట బస చెయ్యడం అని చెప్పేను. ఆయన కాసేపు కళ్లు మూసుకుని, "విత్ అంటే తో. చేతన్, చేన్, తోడన్, తోన్, తృతీయా విభక్తి. నువ్వు నాతో బస చేస్తున్నావు. కనక, యూ ఆర్ పుటింగ్ అప్ విత్ మి! సాధు ప్రయోగమేనా?" అన్నారు.

ఒరేయ్, పుట్ అప్ విత్ అంటే ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు. సహించడం. చచ్చినట్టు ఓర్చుకోవడం. ఆయన వ్యాకరణం ప్రకారం చూస్తే తప్పు ఎక్కడా లేదు. నా బతుకు ప్రకారం చూసినా తప్పు లేదు. చిన్నపిల్లాడిలా నా మొహంలోకి చూస్తున్నారు.

"ఆయ్, సాధువేనండి" అన్నాను.

ఆరేళ్లలో ఆయనతో నేను ఆడిన మొదటి నిజం అదేరా. అదీ ఆయన నోటితోనే అనిపించేను. నవ్వాలో ఏడవాలో తెలీక నీకు రాస్తున్నాను. మీ ఆవిడ సువర్ణమ్మని అడిగేనని చెప్పు. ఈసారి కవర్లో రాయి.

నీ
సూర్యనారాయణమూర్తి

*

అగ్రహారం
1981 మే 24

కృపా,

నువ్వు పనిచేసే మండపేట కాలేజీవాళ్ల ఆర్డరు వచ్చింది. ఇంగ్లీషు లెక్చరర్. జూన్ ఇరవై అయిదు, గురువారం లోగా చేరాలిట. ఆ ఖాళీ సంగతి రాసి, అప్లికేషన్ పెట్టించి, ఇంటర్వ్యూకి లాక్కెళ్లింది నువ్వు. ఈ ఉపకారం నేను మర్చిపోను. సువర్ణమ్మ పెట్టిన వంకాయ కూరా మర్చిపోను. ఇంటికొచ్చి, దారిలో రావులపాలెంలో అరటిపళ్లు తిన్నానని చెప్పేను. "పళ్లు తింటే ఆకలి తీరుతుందా నాయనా" అని అత్తగారు మళ్లీ వడ్డించేరు. రెండు భోజనాలు తిని పడుకున్నాను, కడుపులో అబద్ధం ఒకటి.

ఆర్డరు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. చెప్పలేదు. తిట్టకు, ముందు విను.

కిందటి నెలాఖర్లో మా స్కూలు వార్షికోత్సవం జరిగింది. జిల్లా ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చేడు. ఊరి పెద్దగా మామగార్ని డయాస్ మీద కూర్చోబెట్టేరు. ఆయన లేచి, సంస్కృతంలో ఆశీర్వచనం చెప్పి, తెలుగులో నాలుగు మాటలు మాట్లాడి, ఆఖర్న మైకు దగ్గరికి ఇంకాస్త జరిగి, ఇంగ్లీషందుకున్నారు. "మై సన్-ఇన్-లా, యువర్ ఇంగ్లీష్ మాస్టర్, ఈజ్ పుటింగ్ అప్ విత్ మి ఫర్ సిక్స్ ఇయర్స్!" అంతే, ఆ జిల్లా పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వేడు. హెడ్మాస్టరుగారు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఇంగ్లీషు వచ్చినవాళ్లందరూ విరగబడి చప్పట్లు కొట్టేరు, రానివాళ్లు వాళ్లని చూసి ఇంకా గట్టిగా కొట్టేరు. మామగారు పొంగిపోయి, "విత్ గ్రేట్ హ్యాపీనెస్!" అని కూడా చేర్చేరు. మళ్లీ చప్పట్లు.

నాకు తల తీసేసినట్టయింది. ఆయన్ని చూసి నవ్వుతుంటే నాకు ఒళ్లు మండిపోయిందిరా! నా మామగార్ని చూసి నవ్వడానికి వీళ్లెవరు? అంతలోనే, అందరి ముందూ నా గుట్టు బయటపడ్డట్టు సిగ్గు. ఆడవాళ్ల వరసలో విశాలాక్షి ఒక్కర్తే నవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పాపం దానికి ఇంగ్లీషు తెలీదుగా.

ఇప్పుడు ఊరంతా ఇదే మాట. కొబ్బరికాయలు దింపడానికొచ్చిన నూకరాజు కూడా, "అల్లుడుగారు పుట్టప్పు విత్తేనటండి, ఆయ్" అంటాడు. అదేదో బిరుదు అనుకుంటున్నాడు.

నిన్న భోజనాల దగ్గర గుండె చిక్కబట్టుకుని, "మండపేట కాలేజీలో ఇంగ్లీషు పోస్టు ఒకటి ఖాళీగా ఉందటండి" అన్నాను. మామగారు అన్నం కలుపుకుంటూ, "ఉండనీ. ఎవరో ఒకరు చేరతారు" అన్నారు. అయిపోయింది. ఇంక నోరు పెగిలితే ఒట్టు. విశాలాక్షి మజ్జిగ పోస్తూ ఒక్క లిప్త ఆగి, నా కేసి చూసి, వాళ్ల నాన్న కేసి చూసి వెళ్లిపోయింది. అది ఆయన కూతురు. పుట్టిన ఇల్లు, పెరిగిన గది, అమ్మ చేతి వంట, దానికేం తక్కువ? దాన్ని అక్కణ్నించి లేవదీయడానికి నేనెవర్ని?

కాశీ కాదు, రామేశ్వరం కాదు, మండపేట! గన్నవరం అక్విడెక్టు వంతెన దాటి, రావులపాలెంలో బస్సు మారితే ఒక్క పూటలో చేరిపోవచ్చు. ఆ పూట ప్రయాణానికి నా కాళ్లు లేవడం లేదు. గోడలు లేని జైలురా ఇది. అరుగు మీద కూర్చుంటే దారి కనిపిస్తూనే ఉంటుంది.

నువ్వొచ్చిన రోజు గుర్తొస్తోంది. మామగారు నిన్ను అరుగు మీదే కూర్చోబెట్టి, కాఫీ వేరే గ్లాసులో ఇప్పించేరు. నువ్వు నవ్వుతూ తాగేవు. నేను నీ పక్కన కూర్చుని పేపరు చదివేను. నువ్వు దాని గురించి ఇప్పటిదాకా ఒక్క మాటనలేదు, అది నన్ను ఇప్పటికీ పొడుస్తూనే ఉంది.

సూర్యం

*

అగ్రహారం
1981 జూన్ 14

కృపా,

నీ కవరు అందింది. "చేరతావా, చావమంటావా" అని రాసేవు. చేరన్రా.

ఆలోచించి ఆలోచించి బుర్ర వాచిపోయింది. రోజూ పొద్దున్నే ఇవాళ చెప్పేద్దాం అనుకుంటాను. ఆయన సంధ్య వార్చుకుని ఎదురొచ్చి, "నిన్నటి మాట అప్పజెప్పనా? గివ్ అప్ అంటే వదులుకొనుట, గివ్ ఇన్ అంటే లొంగిపోవుట" అంటారు, లేత మొహంతో. నేను రెండూ ఒకేసారి చేస్తున్నానని ఆయనకి ఎలా తెలుస్తుంది?

రేపు పొద్దున్న అమలాపురంలో ఇంగ్లీషు మాస్టర్లకి ట్రైనింగు. ఇరవై నాలుగో తారీకుదాకా. సత్రంలో బస. నవ్వకు, పుట్ అప్పే, విత్ లేదు. మీ కాలేజీవాళ్లకి, ఇంటి పరిస్థితుల వల్ల చేరలేకపోతున్నానని మంచి ఇంగ్లీషులో రాసేసేను. ఎంత మంచి ఇంగ్లీషంటే, చదివితే నాకే ఒళ్లు జలదరించింది. ఆ కవరు విశాలాక్షికిచ్చి, రేపు బుల్లిరాజు వస్తే ఇచ్చెయ్యమన్నాను. నేనే డబ్బాలో వేద్దామంటే చెయ్యి రావడం లేదు. "ఏమిటిది?" అంది. "ఏదో ఆఫీసు కాగితంలే, నీకర్థం కాదు" అన్నాను. తీసుకుని లోపలికెళ్లిపోయింది.

మా అత్తగారు దారిలోకి పులిహోర కడుతున్నారు. మామగారు ఏడింటికి వర్జ్యం వదుల్తుందని, ఆ తరవాతి బస్సుకి వెళ్లమన్నారు. నా జీవితంలో ఏ బస్సు ఎక్కాలో కూడా నాకు తెలీదు. నాకు కోపం ఎవరి మీదో అర్థం కావడం లేదు. ఏడుపొస్తోంది, ముప్పై దాటినవాడికి. ఆ పోస్టు ఇంకెవరికైనా ఇప్పించు.

నీ సూర్యం

*

మండపేట
1981 జూన్ 21, ఆదివారం

ఏమండీ, మీకు నా నమస్కారాలు.

అమలాపురం సత్రానికి నా దస్తూరీతో కవరు వచ్చిందని గాభరా పడకండి. అమ్మా నాన్నా కులాసా. నేనూ కులాసా. మండపేటలో కృపారావుగారి ఇంట్లో పుట్ అప్ అయ్యేను.

అవునండి, ఆ మాట సరిగ్గానే వాడేను. మీరు ఆరేళ్లు అరుగు మీద ట్యూషన్ చెప్తుంటే, కిటికీ వెనకాల బియ్యం ఏరుకుంటూ ఆరేళ్లూ విన్నాను. మీ పిల్లలు ఏటేటా పాసై వెళ్లిపోయేవారు, నేను మాత్రం ప్రతీ ఏడూ అదే క్లాసు. స్కూలు సభలో అందరూ ఎందుకు నవ్వేరో నాకు అప్పుడే తెలుసు. "నీకర్థం కాదు" అన్నారే, మీరిచ్చిన ఆ కవరు విప్పి చదివేను. అర్థమైంది. బుల్లిరాజుకి ఇవ్వలేదు. పొయ్యిలో పెట్టేను. కోప్పడతారేమో, కోప్పడండి. ఒక్కసారి మీరు కోప్పడితే చూడాలనుంది.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యేక నాన్నగారి ముందు కూర్చున్నాను. "నాన్నా, పుట్ అప్ విత్ అంటే కలిసి ఉండటం కాదు" అన్నాను. ఆయన నవ్వి, "విత్ తృతీయ కదే పిచ్చిదానా" అన్నారు. "తృతీయ కాదు నాన్నా. మూడూ కలిసి ఒకటే మాట. ఓర్చుకోవడం అని అర్థం" అన్నాను.

ఆయన ఉత్తరీయం భుజం మీంచి తీసి ఒళ్లో పెట్టుకుని, "సభలో నవ్వింది అందుకా?" అన్నారు. ఔనన్నాను. "అతను సాధువే అన్నాడే?" అన్నారు. దానికీ ఔనన్నాను. ఆయన మొహం చూడలేకపోయేను. అమ్మ వచ్చి, ఏమిటే ఆయన్ని అలా ఏడిపిస్తున్నావు అంది. నేనాగలేదు. మండపేట ఆర్డరు సంగతి, మీరు రాసిన కవరు సంగతి చెప్పేసేను. "వెళ్లిపోతానంటే నేను వద్దంటానని అనుకున్నాడా?" అని కేకలేసేరు. "అనరా మరి? ఉండనీ, ఎవరో ఒకరు చేరతారన్లేదూ?" అని నేనూ కేకలేసేను. జన్మలో మొదటిసారి నాన్న మీద గొంతెత్తేను. ఆయన తగ్గిపోయేరు. "అతను తన కోసం అంటున్నాడని నాకేం తెలుసే? అడగలేదే!" అన్నారు.

తరవాత ఆయనన్న మాట మీకు చెప్పి తీరాలి. "గురువారం గురువారం వచ్చేవాడు. పీట మీద ఒదిగి కూర్చునేవాడు. రెండోసారి అన్నం కావాలని ఏనాడూ అడిగి ఎరగడు. మీ అమ్మే కంచం చూసి వడ్డించేది. ఇప్పుడూ అలాగే ఉంటే, తృప్తిగా ఉన్నాడనుకున్నానే విశాలా. అడగలేక అనుకోలేదు" అన్నారు. ఆ రాత్రి ఆయన భోజనం చెయ్యలేదు.

ఇంక నా సంగతి. మీరు మాట్లాడితే "మీ నాన్నగారు" అంటారు, "మీ ఇల్లు" అంటారు. మీకు అది అత్తారిల్లు. మరి నాకు అత్తారిల్లు ఏదండీ? నా ఈడు వాళ్లందరూ ఏడుస్తూ బండెక్కి వెళ్లిపోయేరు. నేను ఏడవలేదు, ఎక్కలేదు. పక్కింటి పార్వతి పురిటికి వచ్చినప్పుడల్లా నాకెంత కుళ్లో మీకు తెలుసా? దానికి పుట్టింటికి రావడం అనేది ఒకటుంది. నేను పుట్టింటికి ఎక్కణ్నించి రాను? చిన్నప్పుడు పడుకున్న గదిలోనే పడుకుంటున్నాను. ఈనాటికీ ఏం వండాలో అమ్మ చెప్తుంది, ఏ చీర కట్టుకోవాలో అమ్మ చెప్తుంది. మీరు గోడ కేసి తిరిగి నిట్టూరుస్తారు, నేను ఇటు తిరిగి వింటాను. మా నాన్నని మీరొక్కరే భరించేరనుకుంటున్నారు. నేను పుట్టిన దగ్గర్నించీ భరించేను. ఆపైన మిమ్మల్నీ భరించేను. "విశాలాక్షీ, నీకు రావాలనుందా?" అని ఆరేళ్లలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అడిగి ఉంటే, ఆ రాత్రే బయల్దేరి ఉండేదాన్ని. నాకేం తక్కువ అనుకున్నారు మీరు. ఆ మాట మీరు పైకి అనలేదు గానీ, నాకు వినపడుతూనే ఉండేది.

నిన్న నాన్నగారే నన్ను తీసుకొచ్చి ఇక్కడ దింపేరు. కృపారావుగారు ఎదురొచ్చి లోపలికి రమ్మన్నారు. నాన్నగారు, "నాకు ఇక్కడే బావుంది బాబూ" అని వాళ్ల అరుగు మీద కూర్చుండిపోయేరు. అలవాటు, ఆ వయసులో ఒక్కరోజులో పోతుందా. సువర్ణగారు ఏమీ అనుకోకుండా కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చేరు. నేను మాత్రం లోపలికెళ్లి, ఆవిడ ఇచ్చిన కాఫీ గుమ్మంలో నిలబడి తాగేను, నాన్నగారికి కనపడేలాగే. ఆయన చూసేరు. తల పక్కకి తిప్పుకోలేదు. కృపారావుగారు ఆయన పక్కనే కూర్చున్నారు, పేపరు మాత్రం చదవలేదు. ఇద్దరూ చాలాసేపు ఉపసర్గల గురించి మాట్లాడుకున్నారు.

సువర్ణగారూ నేనూ ఇవాళ రెండిళ్లు చూసేం. ఒకటి బావుంది. వంటిల్లు చిన్నది, కానీ అందులో నేనొక్కదాన్నే ఉంటాను. మీ బట్టల పెట్టె తెచ్చేసేను కనక మీరు అగ్రహారం వెళ్లక్కర్లేదు. ట్రైనింగు అవగానే ఇరవై నాలుగు సాయంత్రం తిన్నగా ఇక్కడికి వచ్చేయొచ్చు. నాన్నగారు బస్సెక్కుతూ మీకు చెప్పమన్నది ఇది: "గురువారం పొద్దున్న పదింటికి చేరమను. పంచాంగం చూసేను. వర్జ్యం లేదు. నెలకోసారి వచ్చి నేనే మీ ఇంట్లో పుట్ అప్ అవుతాను. విత్ సంగతి మీ ఆయన్ని చూసుకోమను."

ఆయన వెళ్లేక నేను కృపారావుగారి పక్కింటి వాళ్లనడిగి పంచాంగం తెచ్చి చూసేను. గురువారం పదింటికి వర్జ్యం ఉందండి. సరిగ్గా ఆ వేళకే ఉంది. నాన్నగారు తప్పు చూసే మనిషి కాదు. ఆ పంచాంగం మూసి కాసేపు ఏడ్చేను.

మన ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏదీ అడగలేదు. ఇప్పుడు నేను అడుగుతున్నాను. వస్తారా?

వస్తే మాత్రం ఒక్క షరతు. రెండోసారి అన్నం కావాలంటే నోరు విప్పి అడగండి. నేను కంచం చూసి వడ్డించను.

ఇట్లు
మీ విశాలాక్షి